పాత మోటారు కారున రవ్వబలము: పరీక్షావిధానము

పెరంబూరు యంత్రముల పేట. రైలుపెట్టెల కర్మాగారము 1955లో ఇచ్చట ప్రారంభమయ్యెను; ప్రక్కనున్న సెంబియమున సింప్సన్ వారి ఇంజను కర్మాగారము కలదు. ఇట్టి పేటలో, పేపర్ మిల్స్ రోడ్డుపై, ఒక చైత్రమాసపు మధ్యాహ్నమున మా మిత్రుని స్టాండర్డు హెరాల్డు కారు ఆగిపోయెను. ప్లగ్గు విప్పి, ఇంజనుకు ఆనించి చూడగా రవ్వ కనబడెను. “కరెంటు ఉన్నది, దోషము కార్బురేటరుదే” యని మెకానిక్కు తేల్చి, దానిని విడదీసెను. రెండు దినములు వ్యర్థమయ్యెను. దోషము కార్బురేటరున లేదు.

ఈ హెరాల్డు మన నగరపు బిడ్డయే. వండలూరు దగ్గరి కర్మాగారమున స్టాండర్డు మోటారు సంస్థవారు 1961 నుండి దీనిని తయారుచేసిరి. ఇంజను 948 ఘనసెంటీమీటర్లది. బాటరీ 12 వోల్టులది. ఇట్టి వాహనములకు కాయిళ్లు, డిస్ట్రిబ్యూటర్లు చేయు లూకాస్ టి.వి.యస్. సంస్థయు 1961లోనే ఏర్పడినది. దాని కర్మాగారము పెరంబూరునకు దూరము కాని పాడిలో ఉన్నది.

రవ్వ పుట్టు విధము తెలిసిననే పరీక్ష అర్థమగును. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు మూసియున్నంతసేపు కాయిలులోని లావుతీగచుట్టలో కరెంటు పారి అయస్కాంతబలము పెరుగును. పాయింట్లు విడివడగానే ఆ బలము హఠాత్తుగా కూలి, వేలకొలది చుట్లుగల సన్నతీగలో వేలకొలది వోల్టులు పుట్టును. విడివడు పాయింట్లనడుమ కరెంటు దుముకక, కూలుట శీఘ్రముగా జరుగునట్లు చేయునది కండెన్సరు. అది చెడినచో పాయింట్లు కాలి, రవ్వ బలహీనమగును.

ఇక కంటికి కలుగు మోసము. ప్లగ్గుసందు సుమారు 0.6 మిల్లీమీటరు. బయటిగాలిలో ఈ సందు దాటుటకు రెండుమూడు వేల వోల్టులు చాలును. సిలిండరులోనో, గాలి ఎనిమిది తొమ్మిది రెట్లు ఒత్తుకొనియుండును. ఒత్తిడి పెరిగినకొలది అదే సందునకు హెచ్చు వోల్టులు కావలెను. అందుచే బయట గంతులువేసిన రవ్వ లోపల మూగపోవచ్చును. బయట చూచునపుడు ఒత్తిడికి బదులు దూరమును పెంచుటయే ఉపాయము.

డిస్ట్రిబ్యూటరు మూత నడిమినుండి కాయిలుతీగను ఊడదీసి, దాని లోహపుకొనను ఇంజను ఇనుమునకు ఆరు మిల్లీమీటర్ల దూరమున, అనగా పావు అంగుళమున, ఉంచవలెను. తీగను చేతితో పట్టరాదు. ఎండిన కొయ్యపట్టుతో బిగింపవలెను. గేరు న్యూట్రలునందుండవలెను, పెట్రోలు వాసన ఏమాత్రమున్నను ఈ పని తలపెట్టరాదు. అప్పుడు వేరొకరు స్టార్టరు త్రిప్పగా, రవ్వ తెంపులేక టపటపమని దుమికినచో కాయిలు, కండెన్సరు, పాయింట్లు సమర్థములే. పాయింట్లను వ్రేలితో విడదీసి చూచుట తేలిక, కాని స్టార్టరు త్రిప్పునపుడు బాటరీ వోల్టులు పదికి దిగజారును. నిజమైన పరీక్ష అప్పుడే. నీలిరవ్వ మంచిది, ఎఱ్ఱరవ్వ చెడ్డదని మెకానిక్కులందురు. అది కొంత నిజమేగాని, గాలిలోని దుమ్ము సయితము రంగు మార్చును. నేను దూరమునే నమ్ముదును. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ గల నేటికార్లలో ఇట్లు చేయరాదు, భాగములు కాలిపోవచ్చును.

మా మిత్రుని కారు చల్లబడినపుడు రవ్వ పావు అంగుళమును చక్కగా దాటెను. ఆగిన వెంటనే, ఇంజను వేడిగానుండగా చూడగా రెండు మిల్లీమీటర్లకే పచ్చగా వణకి ఆరిపోయెను. కండెన్సరు మార్చితిమి. ఆ పైన వేడిమిలోను రవ్వ నిలిచెను. ఆశ్వయుజకార్తీకముల వానలలో మాత్రము ఇంకొక చిక్కు వచ్చెను: కాయిలుతీగనుండి రవ్వ బలముగా వచ్చుచున్నను ప్లగ్గులకు చేరదయ్యెను. అది డిస్ట్రిబ్యూటరు మూతలోపలి చెమ్మ. పొడిగుడ్డతో తుడువగా పోయినది.