సీసపు ధూళి

రోగిని చూడవచ్చిన వైద్యుడు బాధ యేమని యడుగుట సహజము. అతడు చేయు పని యేదో కూడ అడిగి తెలిసికొనవలెనని ఇటలీ దేశపు వైద్యాచార్యుడు బెర్నార్డినో రామజ్జీనీ 1700లో ప్రకటించిన గ్రంథమున బోధించెను. అమెరికాలో ఆ బోధను ఆచరణమునకు తెచ్చినవారిలో అగ్రగణ్యురాలు ఆలిస్ హామిల్టన్.

ఈమె 1869లో జన్మించెను. 1893లో మిషిగన్ విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొంది, 1897లో చికాగో చేరి, హల్ హౌస్ అను సేవాసదనమున వలసవచ్చిన బీద కూలీల నడుమ నివసించెను. 1910లో ఇల్లినాయి రాష్ట్రమున వృత్తివ్యాధుల విచారణ ఆమెకు అప్పగింపబడెను. ఆమె మొదట పట్టుకొనిన శత్రువు సీసము.

సీసము రక్తమును క్షీణింపజేయును, నరములను చెరచును, ఎముకలలో చేరి యేండ్ల తరబడి నిలిచియుండును. దాని వాతబడిన కూలివాని కడుపున తీవ్రమైన నొప్పి పుట్టును. మణికట్టు పైకి లేవక వ్రేలాడును. కూలీలు చేతులు కడుగుకొనక తినుటయే దీనికి కారణమని యజమానులు చెప్పుచుండిరి. గాలిలో తేలు ధూళియు, కరిగిన లోహపు ఆవిరియు ఊపిరితో లోనికి పోవుటయే ముఖ్యకారణమని హామిల్టన్ నిరూపించెను. చేతులు కడుగుకొనుమని కూలివానికి చెప్పవచ్చును. ఊపిరి పీల్చకుమని చెప్పగలమా? కావున ధూళి నణచు భారము యజమానిపై పడెను.

ఒకసారి ఆస్పత్రిలో పోలెండు దేశపు కూలివాడొకడు రెండు చేతులును చచ్చుపడి కనబడెను. అతని పని స్నానపుతొట్లకు ఎనామిల్ పూత వేయుట. ఆమె ఆ కర్మాగారమునకు పోగా, అచ్చట సీసమే లేదని అధికారులు చెప్పిరి. చూపిన గదులలో నిజముగనే లేదు. ఆమె ఊరకుండక మరల ఆ కూలివానినే యడిగెను. అసలు పని జరుగు చోటు వేరని తెలిసెను. అచ్చట కూలీలు కొలిమినుండి తీసిన ఎఱ్ఱని తొట్లపై పొడి చల్లుచుండిరి. ఆ పొడిని పరీక్షింపగా అందు సీసముండెను.

ఈ శాస్త్రము నెఱిగినవారు అరుదగుటచే 1919లో హార్వర్డు విశ్వవిద్యాలయము ఆమెను సహాయాచార్యురాలిగా నియమించెను. అచ్చట స్త్రీకి ఆచార్యపదవి లభించుట అదియే మొదలు. అయినను స్నాతకోత్సవపు ఊరేగింపున ఆమె నడువరాదు. అధ్యాపకుల క్లబ్బులో అడుగిడరాదు. ఫుట్‌బాల్ పందెములకు టిక్కెట్లు కోరరాదు. ఫుట్‌బాల్ మాట చదివినప్పుడెల్ల నాకు నవ్వు వచ్చును. నవ్వు రాని సంగతి మఱియొకటి కలదు: 1935లో ఉద్యోగము విరమించునాటికిని ఆమె సహాయాచార్యురాలే.

పెట్రోలులో సీసము కలుపుట అపాయకరమని 1925లోనే ఆమె వాదించెను. ఆ వాదము నాడు నెగ్గలేదు. 1970లో తన 101వ యేట ఆమె మరణించెను. సీసము కలిపిన పెట్రోలు మోటారుబండ్లకు అమ్ముట మన దేశమున 2000లో నిలిచెను. అల్జీరియాలో 2021లో నిలువగా లోకమంతట అంతరించెను. పాత బ్యాటరీలు పగులగొట్టి సీసము కరిగించు చిన్న బట్టీలు మాత్రము మన దేశమున నేటికిని పలుచోట్ల ఉన్నవి. వాటి చుట్టుపట్ల మన్నునందును, పిల్లల రక్తమునందును సీసము కనబడుచున్నది.