పండగకు సెలవా, ఆప్షనల్ సెలవా? టికెట్ కొనేముందే జీవో చూసుకోండి

మట్టెవాడలో ఒకే ఇంట్లో అబ్బా సర్కారు ఆఫీసుకు, అమ్మీ ఉర్దూ మీడియం బడికి, పిల్లాడు ప్రైవేటు స్కూలుకు పోతుంటే ఆ ఇంట్లో మూడు సెలవుల లెక్కలు నడుస్తాయి. రంజాన్ నెలలో ఈ తిప్పలు ఇంకా ఎక్కువ.

ఏటా రాష్ట్ర సాధారణ పరిపాలన శాఖ సెలవుల జీవో ఇస్తుంది. అందులో రెండు జాబితాలుంటాయి. రంజాన్, రంజాన్ మర్నాడు, బక్రీద్, మొహర్రం, మిలాదున్నబీ జనరల్ సెలవులు. అంటే ఆఫీసులకు, బడులకు తాళమే. షబ్-ఎ-మేరాజ్, షబ్-ఎ-బరాత్, షబ్-ఎ-ఖదర్ మాత్రం ఆప్షనల్. ఆ రోజు ఆఫీసు తెరిచే ఉంటుంది. ఉద్యోగి ముందే రాసిచ్చి పైఅధికారి అనుమతి తీసుకోవాలి. ఏ మతం వారైనా ఏడాదికి ఐదు వరకు వాడుకోవచ్చు. చాలామంది ఇక్కడే పొరబడతారు, రాత్రంతా జాగారం చేసి పొద్దున సెలవే కదా అనుకుంటారు.

2025 రంజాన్‌లో ముస్లిం ఉద్యోగులను సాయంత్రం 4 గంటలకే ఇంటికి పంపారు. ఉర్దూ బడులు ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 1.30 వరకే నడిచాయి. ప్రైవేటు స్కూలు టైమింగ్ సంగతి మాత్రం ఆ స్కూల్లోనే అడగాలి.

ఇక తేదీలు. జీవోలో రాసిన తేదీ అంచనా మాత్రమే, నెలవంకను బట్టి మారొచ్చు. రైలు టికెట్ల బుకింగేమో 60 రోజుల ముందే మొదలవుతుంది, చాంద్ కబురు ముందురోజు రాత్రి గానీ రాదు. కాబట్టి వరంగల్, కాజీపేటల నుంచి ఊరెళ్లేవాళ్లు పండగకు ఒక రోజు అటూ ఇటూ ఉంచుకోవడం నయం. పదో తరగతి పిల్లలుంటే ఇంకా జాగ్రత్త. 2025లో మార్చి 31న ఈద్, ఏప్రిల్ 2న సోషల్ పరీక్ష. షీర్ ఖుర్మా గిన్నె పక్కనే పుస్తకం పెట్టుకోవాల్సి వచ్చింది.

చాంద్రమాన సంవత్సరం సుమారు 11 రోజులు చిన్నది, అందుకే పండగలు వెనక్కి జరుగుతాయి. 2030లో రంజాన్ నెల జనవరిలో ఒకసారి, డిసెంబర్‌లో మరోసారి మొదలవుతుంది. బడి సెలవులు అలా జరగవు. 2025లో వేసవి సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు, దసరా సెలవులు సెప్టెంబర్ 21 నుంచి అక్టోబర్ 3 వరకు ఇచ్చారు. జూన్ 7 బక్రీద్ వేసవి సెలవుల్లోనే కలిసిపోయింది. పిల్లలకు వేరే సెలవు దక్కలేదు గానీ, నానీ ఇంట్లో తీరిగ్గా ఉండే వీలు దొరికింది.