నూలు కొనేముందు ఈ మూడు ప్రశ్నలు అడగండి

మనం మందుల్లేకుండా పండించిన పత్తి జిన్నింగ్ మిల్లుకి చేరగానే అందరి పత్తిలో కలిసిపోతుంది. మన కష్టానికి గుర్తింపు అక్కడితో పోతుంది. అందుకే సికింద్రాబాద్‌లో నేను నూలు కొనేటప్పుడు మూడు విషయాలు అడుగుతాను.

1. పత్తి ఎవరిది, ఏ రకం? శ్రీకాకుళం జిల్లా పొందూరులో పునాస పత్తి, కొండపత్తి లాంటి దేశవాళీ రకాలను వాలుగ చేప దవడతో ఏకి, చేతి రాట్నం మీద వడుకుతారు. దేశవాళీ పొట్టి పింజ పెద్ద మిల్లులకి అక్కర్లేదు. వడికేవాళ్లు, కొనేవాళ్లు లేకపోతే ఆ విత్తనమే పోతుంది.

2. ఎలా వడికారు? మల్ఖా పద్ధతిలో పత్తిని బేళ్లుగా గట్టిగా నొక్కరు, చిన్న యంత్రాల మీద వడుకుతారు. పింజ మెత్తదనం నిలుస్తుంది. కౌంటు కూడా అడగండి. చిలప అంటే 840 గజాలు. పౌనుకి, అంటే సుమారు 454 గ్రాములకి, 40 చిలపలు వస్తే అది 40 కౌంటు. కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది.

3. రంగు దేనిది? నీలిమందు, మంజిష్ఠ, కరక్కాయ, దానిమ్మ తొక్క ఏదైనా సరే, తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. బాగా అంటుకుంటే రంగు సరిగ్గా పట్టలేదన్నమాట. ఇంకోమాట, రంగు సహజమైనది కాబట్టి పత్తి కూడా సహజ సాగుదే అనుకోవద్దు. రెండూ వేరు.

దేశవాళీ పత్తి వేయాలనుకునే రైతులు వడికేవాళ్లతో, నేతవాళ్లతో ముందే మాట్లాడుకుని విత్తుకోండి. రంగు పరీక్ష ఎలా చేయాలో వీడియోలో చూపించాను, పూర్తిగా చూడండి.