కారు పుట్టిన తేదీకి సరిపడే కార్బ్యురేటర్

పెట్రోలును సన్నని తుంపరగా గాలిలో కలిపి ఇంజిన్‌కు అందించే పరికరం కార్బ్యురేటర్. ఇంజిన్ పీల్చుకునే గాలి దీనిలోని ఇరుకు దారిగుండా వేగంగా దూసుకుపోతుంది. వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుంది. దాంతో పక్కనే ఉన్న చిన్న తొట్టిలోని పెట్రోలు పైకి వచ్చి గాలిలో కలుస్తుంది. మన దేశంలో 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చేదాకా చాలా బైకులు దీనితోనే నడిచాయి. 1960లలో అమెరికా కార్లూ దాదాపు అన్నీ దీనిమీదే ఆధారపడ్డాయి.

ఆ దశాబ్దపు అమెరికాలో పుట్టినవే మజిల్ కార్లు. మధ్యతరహా కారులో పెద్ద వీ8 ఇంజిన్ బిగించి, కుర్రకారుకు అందే ధరలో అమ్మడం వీటి ప్రత్యేకత. 1964 నాటి పాంటియాక్ జీటీవోను ఈ వరుసలో మొదటిదిగా చెబుతారు. కాలుష్య నిబంధనలు, పెరిగిన బీమా ఖర్చు, 1973 నాటి చమురు సంక్షోభం కలిసి ఈ దశకు తెరదించాయి. అప్పటి కార్లను కర్మాగారం నుంచి వచ్చిన రోజు ఎలా ఉన్నాయో అలా నిలబెట్టడం ఇప్పుడు అమెరికాలో పెద్ద వ్యాపకం, పెద్ద వ్యాపారం కూడా. ఆ పనిలో కష్టమైన అంచెల్లో ఒకటి సరైన తేదీ ఉన్న కార్బ్యురేటర్‌ను వెతకడం.

సరైన తేదీ అంటే రెండు షరతులు. ఒకటి, ఆ మోడల్‌కు, ఆ ఇంజిన్‌కు, ఆ గేర్‌బాక్సుకు కర్మాగారం వాడిన నంబరే ఉండాలి. రెండు, కారు తయారీకి కొద్ది వారాలు లేదా కొద్ది నెలల ముందు తయారై ఉండాలి. తయారీ తేదీ కారు కంటే ఒక్క వారం తర్వాతిదైనా అది ఆ కారుతో వచ్చినది కాదని తేలిపోతుంది. మరీ ముందుదైనా అనుమానమే.

ఇంజిన్ బ్లాకు కారుతోనే మిగిలిపోయినా, కార్బ్యురేటర్ చాలాసార్లు మిగలలేదు. నాలుగు నట్లు విప్పితే చేతికొచ్చే భాగం అది. మరింత వేగం కావాలనుకున్నవారు మొదట దాన్నే మార్చారు. మొరాయిస్తే మెకానిక్కులు కొత్తది బిగించి, పాతది పారేశారు. దుకాణాల్లో విడిభాగాలుగా అమ్మినవి పనితీరులో అసలువాటికి సరితూగినా, వాటిమీద తేదీలు కారు తర్వాతివి.

వెతుకులాట మొదలయ్యేది కారు దగ్గరే. తయారీ తేదీ షెవ్రొలే కార్లలో ఇంజిన్ గది వెనక గోడకున్న రేకు మీద, ఫోర్డుల్లో డ్రైవర్ తలుపు దగ్గరి పట్టీ మీద, క్రైస్లర్ కార్లలో లోపలి ఫెండర్‌కు బిగించిన రేకు మీద దొరుకుతుంది. తయారీ సమయంలో కార్మికుల కోసం అచ్చేసిన బిల్డ్ షీటు ఒక్కోసారి సీటు స్ప్రింగుల్లోనో పెట్రోలు ట్యాంకు మీదనో ఇరుక్కుని ఇప్పటికీ బయటపడుతుంది. ఆ తేదీ చేతికొచ్చాక, ఆ మోడల్‌కు వాడిన కార్బ్యురేటర్ నంబరును షాప్ మాన్యువళ్లలో, విడిభాగాల కేటలాగుల్లో చూసుకోవాలి.

తర్వాత కార్బ్యురేటర్ మీది అంకెలు చదవాలి. ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. హోలీ కార్బ్యురేటర్లలో చోక్ రేకు చుట్టూ లేచిన గోడ మీద హోలీ సొంత లిస్ట్ నంబరు, కారు కంపెనీ నంబరు, వాటి కింద మూడక్షరాల తేదీ కోడు కొట్టి ఉంటాయి. మొదటిది సంవత్సరపు చివరి అంకె, రెండోది నెల, మూడోది వారం. అక్టోబరుకు సున్న, నవంబరుకు ఏ, డిసెంబరుకు బీ వాడారు. రోచెస్టర్ కంపెనీ క్వాడ్రాజెట్‌లలో ఏడంకెల నంబరు పక్క గోడ మీద నిలువుగా ఉంటుంది. అది 7028తో మొదలైతే 1968 మోడల్, 7029 అయితే 1969. దాని దగ్గరే ఉండే నాలుగంకెల కోడులో మొదటి మూడూ ఏడాదిలో ఎన్నో రోజో చెబుతాయి, నాలుగోది సంవత్సరం. 3108 అంటే 1968లో 310వ రోజు, నవంబరు 5. 1969 మోడళ్ల తయారీ 1968 శరదృతువులోనే మొదలైంది కనుక 7029 నంబరు మీద ఈ తేదీ ఉండటంలో తప్పులేదు. ఫోర్డు నంబర్లలో మొదటి అక్షరం దశాబ్దం: సీ అంటే 1960లు, డీ అంటే 1970లు. మధ్యలో వచ్చే 9510 కార్బ్యురేటర్‌కు ఫోర్డు ఇచ్చిన సంఖ్య. కార్టర్ కార్బ్యురేటర్లకు మూత స్క్రూ కింద నంబరు ఉన్న చిన్న లోహపు బిళ్ల ఉండేది. విప్పి బిగించడంలో అవి చాలావరకు పోయాయి. అందుకే బిళ్లతో సహా దొరికినవాటికి గిరాకీ ఎక్కువ.

1969 షెవ్రొలే కమారో జెడ్/28లో ఈ లెక్క స్పష్టంగా కనిపిస్తుంది. దాని 302 ఘనపుటంగుళాల ఇంజిన్‌కు నిమిషానికి 780 ఘనపుటడుగుల గాలి అందించగల హోలీ బిగించారు. లిస్ట్ నంబరు 4053, జనరల్ మోటార్స్ నంబరు 3923289. ఇంజిన్ గది వెనక గోడ రేకు మీద 03సీ ఉంటే ఆ కారు బాడీ మార్చి మూడో వారానిది. ఇంజిన్ మీద వీ0306డీజెడ్ అని ఉంటే అది ఫ్లింట్ కర్మాగారంలో మార్చి 6న తయారైంది. అలాంటి కారుకు 923 కోడు, అంటే ఫిబ్రవరి మూడో వారపు కార్బ్యురేటర్, చక్కగా అతుకుతుంది. 942, అంటే ఏప్రిల్ రెండో వారానిది, మిగతా నంబర్లన్నీ కలిసినా పనికిరాదు.

ఇలాంటివి దొరికే చోట్లలో పాత విడిభాగాల సంతలు ముఖ్యం. పెన్సిల్వేనియాలోని కార్లైల్, హెర్షీ సంతలకు అమెరికా నలుమూలల నుంచీ అమ్మేవారు వస్తారు. మోడల్‌వారీ క్లబ్బుల సభ్యులు, పాత కార్బ్యురేటర్లను బాగుచేసే నిపుణులు, పాతకార్ల యార్డులు మిగతా దారులు. కావలసిన నంబరుతో పాటు ఒప్పుకోగల తేదీల హద్దును ముందే రాసి పెట్టుకున్నవారికి బేరం తేలిక.

ధర పెరిగిన చోట మోసమూ ఉంటుంది. పాత అంకెలు అరగదీసి కొత్తవి కొట్టినవి అమ్మకానికి వస్తాయి. పోత లోహపు సహజమైన గరుకుదనం అంకెల చుట్టూ మాత్రమే నునుపైతే, అంకెల ఆకారమో లోతో అసలువాటితో పోలకపోతే ఆగి ఆలోచించాలి. పై మూత ఒక కార్బ్యురేటర్‌ది, అడుగు మరొకదానిది కావచ్చు. కాబట్టి లోపలి మీటరింగ్ బ్లాకు, థ్రాటిల్ భాగం కూడా ఆ లిస్ట్ నంబరువేనా అని చూడాలి. అసలు నంబర్లతో ఇటీవల మళ్లీ పోతపోసినవీ ఉన్నాయి. నడపడానికి అవి బాగుంటాయి, అసలువి మాత్రం కావు.

నంబరు కుదిరాక ఆరోగ్యం చూడాలి. వీటి ఒళ్లు జింకు మిశ్రమం. నట్లు అతిగా బిగిస్తే వంకరపోతుంది, నీరు నిలిస్తే లోపల తెల్లగా తుప్పు పడుతుంది. థ్రాటిల్ కడ్డీ తిరిగే రంధ్రం అరిగితే అక్కడినుంచి గాలి చొరబడి ఇంజిన్ నిలకడగా తిరగదు. నిపుణులు ఆ రంధ్రాన్ని తొలిచి బుష్ దిగ్గొడతారు. ఇప్పటి పెట్రోల్లో కలిసే ఇథనాల్ పాత రబ్బరును పాడుచేస్తుంది కనుక, దాన్ని తట్టుకునే కొత్త గాస్కెట్లు, పంపు డయాఫ్రాలు వేయాలి. పసిడి ఛాయ ఉన్న అసలు పూతను మళ్లీ వేయించేటప్పుడు అంకెలు అరగకుండా చూడటం అన్నిటికన్నా ముఖ్యం.

అన్నీ కుదిరినా అది ఆ కారుతోనే పుట్టినదని రుజువు చేయడం దాదాపు అసాధ్యం. కార్బ్యురేటర్ మీద కారు నంబరు ఉండదు. అందుకే నిజాయితీగా పునరుద్ధరించినవారు దాన్ని ఎప్పుడు, ఎక్కడ కొన్నారో, ఏ భాగాలు మార్చారో ఫొటోలతో రాసిపెడతారు. కారు అమ్మేటప్పుడు దాన్ని అసలుది అనరు, తేదీ సరిపోయినది అంటారు. కొనేవారు చెల్లించే ధర ఆ తేడా మీదే నిలుస్తుంది.