గుత్తికొండ బిలం

పల్నాటి యుద్ధం కథ మీరు వినే వుంటారు. 12వ శతాబ్దంలో గురజాలనేలే నలగామరాజుకూ, మాచర్లనేలే మలిదేవరాజుకూ పగ రగిలింది. నాగమ్మతో వేసిన కోడిపందెంలో ఓడిపోయి, మలిదేవుడి పక్షంవారు ఏడేళ్ళు వనవాసం చేశారు. గడువు తీరినా రాజ్యం దక్కలేదు. చివరకు కారంపూడిలో, నాగులేటి ఒడ్డున యుద్ధం జరిగింది. మంత్రి బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు కూడా అందులో చనిపోయాడు.

తరవాత బ్రహ్మనాయుడు ఏమయినాడు? అన్ని కులాలవారినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి భోజనం పెట్టించినవాడాయన. రాజ్యం నలగామరాజుకే అప్పగించి, ఒంటరిగా గుత్తికొండ బిలంలోకి నడిచి వెళ్ళాడనీ, తిరిగి రాలేదనీ పల్నాటివారు చెబుతారు.

ఈ బిలం పిడుగురాళ్ళ మండలంలో, గుత్తికొండ గ్రామం దగ్గర కొండల్లో వున్నది. లోపల పట్టపగలు కూడా చీకటే. దీపం లేనిదే అడుగు వేయలేము. ఆ చీకట్లో నీళ్ళున్నాయి!

బిలానికి ఇంకా పాత కథ ఒకటి వున్నది. ముచుకుందుడనే రాజు దేవతల తరఫున రాక్షసులతో ఏళ్ళ తరబడి పోరాడి అలసిపోయాడు. హాయిగా నిద్రపోయేటట్టూ, నిద్ర చెరిపినవాడు తన చూపుకు భస్మమయేటట్టూ వరం పొంది, ఒక గుహలో పడుకున్నాడు. కాలయవనుడు తరుముకు రాగా కృష్ణుడు ఆ గుహలోనే దూరాడు. వెనకే వచ్చిన కాలయవనుడు, పడుకున్నవాడే కృష్ణుడనుకుని ఒక్క తన్ను తన్నాడు. అంతే, బూడిద అయిపోయాడు! ఆ గుహ ఇదేనంటారు. ఉత్తరదేశంలో కూడా కొన్నిచోట్ల, "కాదు, మాదే," అంటారనుకోండి.

ఇంతకూ కొండలో బిలం ఎలా ఏర్పడుతుంది? పల్నాటిలో సున్నపురాయి విస్తారం. పిడుగురాళ్ళలో సున్నపు బట్టీలున్నవి అందుకే. వాననీరు గాలిలోనూ మట్టిలోనూ వుండే బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది. ఆ నీరు రాతి పగుళ్ళలోకి దిగి, సున్నపురాతిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. వేల, లక్షల ఏళ్ళకు పగులు సందు అవుతుంది, సందు గుహ అవుతుంది. నాపరాతిని కాస్త గీకి, ఆ పొడి మీద నిమ్మరసం పిండి చూడండి, సన్నగా నురగ వస్తుంది. కరగటమంటే అదే.

ఇలాంటి నేలలో వానకురిసిన నీరు పైన నిలవదు, లోపలికి జారిపోతుంది. 1967లో నాగార్జునసాగర్ కాలవలకు నీరు వదిలేదాకా పల్నాడు నీటికి ఎంతగా మొహం వాచిందో మీ తాతగారిని అడగండి. పైన రాళ్ళు ఎండలో మాడుతుంటే కొండ కడుపులో చల్లని నీరు కనబడటం ఎంత వింత!

తొలి ఏకాదశినాడు యాత్రికులు వచ్చి ఈనాటికీ ఆ నీటిలో స్నానాలు చేస్తారు. వచ్చినవారు పిల్లలకు చీకటికేసి చూపి, "బ్రహ్మనాయుడు ఇటే వెళ్ళాడు," అని చెబుతారు.