"తాత నరకానికి పోయిండా?" – క్రైస్తవ బోధ అసలు ఏం చెబుతోంది

చంద్రపూర్, బల్లార్షా, ఘుగ్గుస్ వైపు బొగ్గు గనులకు, పేపర్ మిల్లుకు, రైల్వే పనులకు వచ్చి స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో ఒకే ఇంటిపేరు వాళ్లలో కొందరు చర్చికి పోతారు, కొందరు గుడికి పోతారు. పెళ్లికీ చావుకీ మాత్రం అందరూ ఒక్కచోటే ఉంటారు. అలాంటి ఇంట్లో పెద్దాయన కన్నుమూసినప్పుడు, సండే స్కూల్‌కు వెళ్లే మనవడో మనవరాలో అడిగే ప్రశ్న ఒకటుంది: "తాత బాప్తిస్మం తీసుకోలేదు కదా, మరి నరకానికి పోయిండా?" పెద్దవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. జవాబు తెలియక కొందరు, తెలిసినా చెప్పలేక కొందరు. అందుకే ఈ విషయాన్ని మొదటి నుంచి చూద్దాం.

మాటతోనే మొదటి చిక్కు

మన తెలుగు బైబిల్లో నరకం, పాతాళం అని రెండు మాటలు కనిపిస్తాయి. రెండూ ఒకటే అనుకుంటాం, కానీ కావు. పాత నిబంధనలోని హీబ్రూ మాట 'షెయోల్'. అంటే చనిపోయినవాళ్లు ఉండే చోటు. మంచివాళ్లూ చెడ్డవాళ్లూ అందరూ అక్కడికే. యోసేపు చనిపోయాడనుకున్న యాకోబు, తానూ ఏడుస్తూ అక్కడికే కొడుకు దగ్గరకు వెళ్తానంటాడు. దాన్ని తెలుగులో కొన్నిచోట్ల పాతాళమని, కొన్నిచోట్ల మృతుల లోకమని రాశారు. కొత్త నిబంధనలో దానికి సరిపోయే గ్రీకు మాట 'హేడీస్'. మరాఠీ బైబిల్ చదివే పిల్లలకు ఇది 'అధోలోక్'గా పరిచయం.

శిక్ష అనే అర్థంలో యేసు ఎక్కువగా వాడిన మాట వేరు. అది 'గెహెన్నా'. యెరూషలేముకు దక్షిణాన ఉన్న హిన్నోము లోయ పేరు నుంచి వచ్చింది. ఆహాజు, మనష్షే రాజుల కాలంలో అక్కడ పిల్లల్ని అగ్నిలో బలి ఇచ్చారని బైబిల్ చెబుతుంది. తర్వాత యోషీయా రాజు ఆ చోటును అపవిత్రం చేసి, ఆ బలులు ఆపించాడు. ఆ లోయ ఊరి చెత్త తగలబెట్టే చోటని ప్రసంగాల్లో తరచూ వింటాం గాని, దానికి ప్రాచీన ఆధారాలు బలంగా లేవు. పసిపిల్లల్ని చంపిన చోటు కాబట్టే ఆ పేరు తీర్పుకు గుర్తుగా మారింది. కొత్త నిబంధనలో ఈ మాట 12 సార్లు వస్తే, 11 సార్లు యేసు నోటి నుంచే వస్తుంది.

మనసులో ఉన్న బొమ్మ ఎక్కడిది?

'నరకం' అనే మాట మిషనరీలు కొత్తగా పుట్టించింది కాదు. మన పురాణాల్లో ఎప్పటి నుంచో ఉంది. భాగవతం ఐదో స్కంధంలో 28 నరకాల వర్ణన ఉంది. యమభటులు, కాగే నూనె, వైతరణి నది మనకు చిన్నప్పటి నుంచి తెలిసిన కథలు. అయితే ఆ నరకం ముగిసేది. పాపానికి తగ్గ శిక్ష అనుభవించాక జీవుడు మళ్లీ జన్మ ఎత్తుతాడు. క్రైస్తవ బోధలో పునర్జన్మ లేదు, ఒకే జీవితం, ఒకే తీర్పు. మాట ఒకటే కావడంతో బొమ్మలు కలిసిపోయాయి. సైతాను అక్కడ రాజులా కూర్చుని మనుషుల్ని హింసిస్తాడని కూడా చాలామంది అనుకుంటారు. బైబిల్ ప్రకారం సైతాను అక్కడ శిక్ష వేసేవాడు కాదు, శిక్ష పడేవాడు.

నిత్యశిక్ష అంటే ఎంతకాలం?

ఇక్కడే క్రైస్తవుల్లో మూడు అభిప్రాయాలున్నాయి.

మొదటిది, శిక్షకు అంతం లేదు, శిక్ష పడినవారికి స్పృహ ఉంటుంది అనేది. 5వ శతాబ్దంలో అగస్టీన్ దీన్ని గట్టిగా వాదించాడు. కతోలిక సంఘం, ఎక్కువ ప్రొటెస్టెంటు, పెంతెకోస్తు సంఘాలు శిక్ష నిత్యమనే బోధిస్తాయి. మత్తయి 25వ అధ్యాయంలో శిక్షకూ జీవానికీ ఒకే గ్రీకు విశేషణం వాడారు కాబట్టి, జీవం నిత్యమైతే శిక్ష కూడా నిత్యమేనన్నది వీరి ప్రధాన వాదన.

రెండోది, దుష్టులు చివరికి పూర్తిగా నాశనమైపోతారు అనేది. బాధ ఎప్పటికీ సాగదు, నాశనం మాత్రం శాశ్వతం. సెవెంత్ డే అడ్వెంటిస్టుల బోధ ఇదే. ఆంగ్లికన్ బోధకుడు జాన్ స్టాట్ కూడా 1988లో ఈ వైపు మొగ్గు చూపడంతో పెద్ద చర్చ నడిచింది.

మూడోది, చివరికి దేవుడు అందరినీ తనతో సమాధానపరచుకుంటాడు అనేది. 3వ శతాబ్దపు ఓరిజెన్ పేరుతో ఇది ముడిపడి ఉంది. ప్రధాన సంఘాలు దీన్ని సిద్ధాంతంగా ఒప్పుకోలేదు.

అగ్ని నిజమైన మంటేనా? యేసు ఒకచోట అగ్ని అన్నాడు, మరోచోట బయటి చీకటి అన్నాడు. మంట ఉన్నచోట చీకటి ఉండదు కాబట్టి ఇవి పోలికలని కాల్విన్‌తో సహా చాలామంది చెప్పారు. పోలిక అన్నంత మాత్రాన విషయం తేలికైపోదు. దేవునికి శాశ్వతంగా దూరం కావడమే నరకంలో ముఖ్యమైన శిక్ష అని 1992లో వచ్చిన కతోలిక సత్యోపదేశం చెబుతుంది. దేవుడు ఎవరినీ నరకానికి ముందే రాసిపెట్టలేదని కూడా అదే గ్రంథం చెబుతుంది.

మరి తాత సంగతి?

మన ప్రాంతంలోని చాందా మేత్రాసనం సీరో మలబార్ కతోలిక సంఘానికి చెందినది. 1962లో మొదలైంది. 1999లో ఆదిలాబాద్ వేరే మేత్రాసనం అయ్యేదాకా అక్కడి తెలుగు కతోలికులూ దీని కిందే ఉండేవారు. కతోలిక సంఘం ఎందరినో పునీతులుగా ప్రకటించింది గాని, ఫలానా మనిషి నరకంలో ఉన్నాడని ఎవరి గురించీ ప్రకటించలేదు. తమ తప్పు లేకుండా సువార్త తెలియనివారు, మనస్సాక్షిని అనుసరించి దేవుణ్ణి వెతికితే రక్షణ పొందవచ్చని రెండో వాటికన్ మహాసభ 1964లో చెప్పింది. నవంబర్ 2న సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థించడం వెనుక కూడా ఆ ఆశే ఉంది.

సువార్తిక సంఘాలు క్రీస్తును విశ్వసించడం తప్పనిసరి అంటాయి. క్రీస్తును తిరస్కరించినవారు తమకు తామే దేవునికి శాశ్వతంగా దూరమవుతారని 1974 నాటి లొసాన్ ఒడంబడిక చెబుతుంది. అలా నమ్మే పాస్టర్లలో కూడా, చివరి ఘడియలో ఒక మనిషి గుండెలో ఏం జరిగిందో దేవునికే తెలుసు, తీర్పు మనది కాదు అని చెప్పేవారు ఉన్నారు.

కాబట్టి శవం ఇంట్లో ఉండగా ఫలానావారు నరకంలో ఉన్నారని తేల్చి చెప్పడం వాక్యం చెప్పడం కాదు, దేవుని కుర్చీలో కూర్చోవడం. పిల్లలు అడిగితే అబద్ధం చెప్పనవసరం లేదు, భయపెట్టనూ అక్కర్లేదు. "తాత దేవుని చేతిలో ఉన్నాడు బిడ్డా. ఆ దేవుడు మనకంటే న్యాయవంతుడు, మనకంటే ఎక్కువ ప్రేమ ఉన్నవాడు" అంటే చాలు. ఆ మాట మీద ఏ సంఘానికీ అభ్యంతరం ఉండదు.

ఇంకొకటి గుర్తుంచుకోవాలి. యేసు నరకం గురించి హెచ్చరించింది చనిపోయినవారి లెక్క తేల్చడానికి కాదు, బతికున్నవారిని మార్చడానికి. నిత్యశిక్ష మాట వచ్చే ఆ మత్తయి 25లోనే ఆయన అడిగేవి ఇవి: ఆకలిగా ఉన్నవానికి అన్నం పెట్టావా, దాహంతో ఉన్నవానికి నీళ్లిచ్చావా, రోగిని, ఖైదీని చూడటానికి వెళ్లావా? ఎండాకాలం 45 డిగ్రీలు దాటే మన ఊళ్లో చలివేంద్రం దగ్గర నిలబడిన మనిషికి గ్లాసు నీళ్ల విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. తాత ఎవరికైనా అలా నీళ్లిచ్చి ఉంటే, ఆ సంగతి కూడా ఆ రోజు పిల్లలకు చెప్పండి.