మీకు తెలుసా? ఊయలలో దోమ కింది నుంచి కుడుతుంది

కోనసీమ కొబ్బరితోటలో ఊయల కట్టి, పైన దోమతెర వేసుకుంటే సరిపోదు. పల్చటి గుడ్డ వీపుకు బిగిసి ఉంటుంది కాబట్టి దోమ ముల్లు సులువుగా దిగుతుంది. కింద దళసరి దుప్పటి పరవాలి, లేదా తెరను ఒంటికి తగలకుండా ఊయల చుట్టూ కట్టాలి. కాలవలో గుర్రపుడెక్క ఉంటే మరీ జాగ్రత్త. మాన్సోనియా దోమ పిల్లపురుగులు పైకి రాకుండానే దాని వేళ్లకు గుచ్చుకుని గాలి పీలుస్తాయి. చెట్ల కింద పారేసిన కొబ్బరిచిప్పల్లో వాననీరు నిలిస్తే డెంగీ దోమ అక్కడే గుడ్లు పెడుతుంది. అది పగలే కుడుతుంది. మధ్యాహ్నం కునుక్కీ తెర తప్పదు. పొడుగుచేతుల వదులు చొక్కా ఉక్కపోతలోనూ మేలే. అన్నట్టు, కాయలున్న చెట్టుకు ఊయల కట్టకండి. తలమీద పడే కొబ్బరికాయను ఏ తెరా ఆపదు.